మోటుపల్లి రేవులో ఏడవ తరగతి

ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదివే పిల్లలకు వర్తకం బొత్తిగా తెలియని విషయమనుకోవడం పెద్దల భ్రమ. ఇంట్లో ఉప్పో పప్పో నిండుకున్నప్పుడు అంగడికి పరుగెత్తేది ఆ వయస్సువారే. ఏ కొట్టులో తూకం సరిగా ఉంటుందో, ఏ కొట్టువాడు కొసరు వేస్తాడో, ఎవరు అరువిస్తారో, ఎవరు ఇవ్వరో వారికి మనకంటె బాగా తెలుసు. బోణీ కాకముందు అరువు అడగరాదన్న మర్యాద కూడా వారెరుగుదురు. ఇంత తెలిసిన పిల్లవాడు బడిలో అడుగుపెట్టేటప్పుడు ఆ తెలివిని చెప్పులతోపాటు గుమ్మం వెలుపల విడిచి వస్తున్నాడు. గణితపుస్తకంలో లాభనష్టాల లెక్కలు ఉండకపోవు. కాని అందులోని వ్యాపారికి పేరుండదు, ఊరుండదు. అతడు ఆ సరుకు ఎందుకు కొన్నాడో, అమ్ముడుపోదేమోనన్న బెంగ అతనికి ఉన్నదో లేదో పుస్తకం చెప్పదు. లాభశాతం కనుగొని పిల్లలు తరువాతి లెక్కకు సాగిపోతారు.

నిజానికి వర్తకంలో నేర్పదగినదంతా ఆ బెంగలోనే ఉన్నది. నేడు మనం ఔత్సాహిక పారిశ్రామికవేత్త అని అనువదించుకొంటున్న 'ఎంటర్‌ప్రెన్యూర్' అనే ఫ్రెంచి పదానికి ఒక పనిని తలకెత్తుకొనేవాడని అర్థం. ఆ మాటకు అర్థశాస్త్రంలో గౌరవస్థానం కల్పించినవాడు రిచర్డ్ కాంటిలాన్. ఆయన గ్రంథం ఆయన మరణానంతరం 1755లో అచ్చయినది. ఆయన చెప్పిన లక్షణం ఏడవ తరగతివారికి సైతం బోధపడేటంత సరళమైనది: తెలిసిన ధరకు కొని, తెలియని ధరకు అమ్మవలసినవాడు. ఉదయాన్నే మల్లెపూల బుట్ట కొన్న స్త్రీకి తాను పెట్టిన వెల తెలుసు; వచ్చే వెల సాయంకాలానికి గాని తెలియదు. ఈ రెంటి నడుమ ఉన్న పగటిపూటంతా ఆమె మోస్తున్నది పూలబుట్టను మాత్రమే కాదని పిల్లలకు చెబితే, వారు వెంటనే తలలూపుతారు. నెలజీతగానికి ఆ బరువు తెలియదు. నాకు కూడా తెలియదు.

మన భాషలో ఈ వృత్తికి సంబంధించిన మాటలు ఎన్నో చరిత్రను దాచుకొని ఉన్నాయి. శ్రేష్ఠి సెట్టి అయినాడు, శుల్కం సుంకమైనది, వ్యవహారి బేహారి అయినాడు. వ్యాపారమనే సంస్కృత పదానికి మొదట ఏదైనా ఒక పని, చేష్ట అనే అర్థమే గాని కొనుగోలు అమ్మకాలతో ప్రత్యేక సంబంధం లేదు. ఇన్ని పదాలున్నా మన ప్రబంధకవులు మాత్రం ఈ విషయంలో కొంత పిసినారితనమే చూపారు. పురవర్ణనలో వైశ్యులకు ఒక పద్యం తప్పక కేటాయిస్తారు; వారి సంపద ముందు కుబేరుడు చిన్నబోయినాడంటారు. ఆ సంపద ఎట్లా వచ్చిందో, ఏ ఓడ మునిగితే ఎంత పోయిందో చెప్పరు. ముప్పదియేండ్లు ఆ పద్యాలను పాఠం చెప్పిన తరువాత గాని ఈ లోటు నా దృష్టికి రాలేదని ఒప్పుకొంటున్నాను. కావ్యాలు చెప్పని ఆ సంగతి ఒక రాతిస్తంభం చెబుతున్నది.

ఆ స్తంభం మోటుపల్లిలో ఉన్నది. చినగంజాం సమీపంలోని ఈ సముద్రతీర గ్రామం నేడు బాపట్ల జిల్లాలోనిది. కాకతీయుల కాలంలో అది తెలుగునేలకు సింహద్వారం వంటి రేవు. వెనీసు నగరవాసి మార్కోపోలో తన యాత్రాకథనంలో 'ముత్‌ఫిలి' అని పేర్కొన్నది దీనినే. అక్కడి వజ్రాలను గురించి, సాలెగూటివలె సన్నని వస్త్రాలను గురించి ఆయన ఆశ్చర్యంతో చెప్పాడు. 1199 నుండి 1262 వరకు రాజ్యమేలిన గణపతిదేవ చక్రవర్తి తీరాంధ్రాన్ని స్వాధీనం చేసుకొన్న పిదప శాలివాహన శకం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, అక్కడి వీరభద్రాలయంలో ఒక శాసనం వేయించాడు. చరిత్రకారులు దానిని అభయశాసనమంటారు. సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ ఉన్న ఆ శాసనసారం ఇది: ఒక దేశం నుండి మరొక దేశానికి బయలుదేరిన ఓడలు తుపానుకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొనివస్తే, వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవాటిని పూర్వపు రాజులు బలాత్కారంగా కైవసం చేసుకొనేవారు. ప్రాణంకంటె ధనం మిన్న అనుకొని సముద్రయానమనే మహాసాహసానికి పూనుకొన్న వర్తకులకు తాము కరుణతో, కీర్తికోసం, ధర్మంకోసం నిర్ణీతమైన సుంకం తప్ప తక్కినదంతా విడిచిపెడుతున్నామని చక్రవర్తి ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పదింట ఒక వంతు. శ్రీగంధం, చీనికర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, ఏనుగుదంతం, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, పోకలు - ఈ సరుకుల పేర్లు ఆ రాతిమీద వరుసగా కనిపిస్తాయి.

విదేశవ్యాపారం అనే అంశాన్ని పన్నెండేండ్ల పిల్లలకు ఎక్కడినుండి మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను ఈ రాతిని చూపుతాను. ఇందులో సరుకున్నది, దూరమున్నది, ప్రమాదమున్నది, పన్ను ఉన్నది, ప్రభుత్వం ఉన్నది. అన్నిటికంటె ముఖ్యంగా ముక్కుమొగం తెలియని పరదేశికి ఇచ్చిన మాట ఉన్నది.

కొన్నేండ్ల క్రితం మా కళాశాలకు దగ్గరలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాలవారు శాసనాలను గురించి చెప్పడానికి నన్ను పిలిచారు. ఏడవ తరగతిలో ముప్పైమందికి పైగా పిల్లలున్నారు. నేను శాసనపాఠం చదివి, అర్థం చెప్పి, గణపతిదేవుని ఔదార్యాన్ని ప్రశంసించాను. పిల్లలు మర్యాదగా విన్నారు. ఆ మర్యాదను చూడగానే నా బోధన విఫలమైనదని తెలిసిపోయింది. అక్కడి గణితోపాధ్యాయుడు నాకంటె లోకజ్ఞుడు. "మాస్టారూ, వీళ్లను ఓడ ఎక్కిద్దామండి" అన్నాడు. మరునాడు మేమిద్దరం కలిసి ఒక ఆట కూర్చాము. ఇప్పటికీ ఎవరైనా ఆడించదగిన ఆట గనుక దానిని కొంచెం వివరంగా చెబుతాను.

తరగతిని ఆరు ఓడలుగా విభజించాలి. ప్రతి ఓడలోను 300 మాడల విలువగల సరుకు ఉన్నదనుకోవాలి. మాడ ఆనాటి నాణెం. ఇక్కడి అంకెలన్నీ ఆటకోసం కల్పించినవి. ప్రయాణపు ఖర్చు 30 మాడలు. రేవులో ముప్పదింట ఒక వంతు, అంటే 10 మాడలు సుంకం. క్షేమంగా చేరిన సరుకు 390 మాడలకు అమ్ముడుపోతుంది. ఖర్చులన్నీ పోగా ఓడకు మిగిలేది 50 మాడలు. ఇంతవరకు పిల్లలకు ఉత్సాహమే. అప్పుడు పాచిక వేయాలి. ఏ అంకె పడితే ఆ ఓడ తుపానులో చిక్కుకొంటుంది. తుపానుకు చిక్కిన ఓడలోని సరుకులో సగం సముద్రం పాలు. సగం ఒడ్డుకు చేరుతుంది.

మొదటి ఆటలో పాతకాలపు రాజు నియమాన్నే పాటించాము. ఒడ్డుకు చేరిన సరుకంతా రాజుదే. ఐదు ఓడలకు కలిసి 250 మాడల లాభం. ఆరవ ఓడకు సరుకు, ఖర్చు కలిపి 330 మాడల నష్టం. ఆరుగురినీ ఒక్కటిగా చూస్తే 80 మాడలు పోయాయి. అంటే ఆ రేవుకు పోవడమే బుద్ధితక్కువ. రెండవ ఆట అభయశాసనం ప్రకారం. ఒడ్డుకు చేరిన సగం సరుకు వర్తకునిదే. దానిని 195 మాడలకు అమ్ముకొని, 5 మాడలు సుంకం చెల్లిస్తాడు. అతని నష్టం 330 నుండి 140కి తగ్గుతుంది. ఆరుగురికీ కలిపి ఇప్పుడు 110 మాడలు మిగులు. తుపాను అదే, సముద్రం అదే, పాచిక అదే. మారినది రాజు మాట ఒక్కటే.

"రాజుకు మాత్రం నష్టం కదండి?" అని ఒక పిల్లవాడు లేచాడు. అడగవలసిన ప్రశ్నయే. పాతపద్ధతిలో రాజుకు ఐదు ఓడల సుంకం 50 మాడలు, దానిపైన కొల్లగొట్టిన 150 మాడల సరుకు, మొత్తం 200 వస్తాయి. కొత్తపద్ధతిలో వచ్చేది 55. కాని పాతరాజు రేవుకు మరుసటి ఏడు ఓడ రాదు. కొత్తరాజు రేవుకు ఏటేటా వస్తుంది; నాలుగవ ఏటికి అతని రాబడి 220 అవుతుంది. నల్లబల్లమీద ఈ లెక్క వేస్తున్నప్పుడు వెనుక బెంచీలో ఎవరో "నాలుగేళ్లు ఆగగలిగినవాడే రాజు" అన్నారు. ఆ మాటకు నవ్వుకొన్నాము గాని, శాసనంలో కీర్తికోసం, ధర్మంకోసం అని ఉన్న మాటల సరసన ఆ పిల్లవాని మాటను కూడా చేర్చి చదవడం నాకు అప్పటినుండి అలవాటయినది.

మూడవ ఆటలో ఒక ఓడ కదలలేదు. ఆ బృందానికి నాయకురాలైన అమ్మాయి సరుకంతా ఎక్కించడానికి ఒప్పుకోలేదు. సగమే ఎక్కిస్తానన్నది. ఎందుకని అడిగితే చాలసేపు పలుకలేదు. చివరకు, "మబ్బు పట్టిన రోజు మా అమ్మ పప్పు తక్కువ నానబోస్తుందండి" అన్నది. వాళ్లమ్మ బస్టాండు వద్ద ఇడ్లీబండి పెట్టుకొని బ్రతుకుతున్నది. వాన వస్తే జనం ఆగరు, పిండి పులిసిపోతుంది. అందుకని సాయంకాలం ఆకాశం చూసి మినుములు కొలుస్తుంది. శుక్రవారం సంతకు ఒక మానిక ఎక్కువ, పరీక్షల రోజులలో మరికొంత ఎక్కువ. ఈ లెక్కలన్నీ ఆ అమ్మాయి తల్లితోపాటు తెల్లవారుజామున కూర్చొని నేర్చుకొన్నవే. ఆమె లెక్కలలో వెనుకబడినదని ఉపాధ్యాయుని పుస్తకంలో వ్రాసి ఉన్నది.

ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. మొదటిరోజున పరిచయం కోసం మీ నాయనలు, అమ్మలు ఏమి చేస్తారని వరుసగా అడిగాను. ఉద్యోగస్థుల పిల్లలు బిగ్గరగా చెప్పారు. ఈ అమ్మాయి లేచి, "ఏమీ చేయరండి" అని కూర్చున్నది. నేను తరువాతి పిల్లవానివైపు తిరిగాను. ఒక తల్లి ప్రతిదినం తెలిసిన ధరకు కొని తెలియని ధరకు అమ్ముతూ, ముగ్గురు పిల్లలను చదివిస్తూ ఉంటే, ఆ పని ఏమీ కాదని ఆ బిడ్డకు ఎవరు నేర్పారు? పాఠ్యపుస్తకాలు నేర్పలేదనలేను. వర్తకమంటే మోసమనే నానుడి ఒకవైపు, వర్తకమంటే ఫలానా కులంవారి వృత్తి అనే పాతకాలపు భావన మరొకవైపు ఈ విద్యను తరగతిగదిలోకి రానీయలేదు. నేర్పితే అందరి పిల్లలకూ నేర్పాలి. కొట్టున్నవారి పిల్లలకు వేరే, కూలికి పోయేవారి పిల్లలకు వేరే పాఠం ఉండరాదు.

ఆట మరికొంత సాగిన తరువాత పిల్లలు తామే మరొక ఉపాయం కనిపెట్టారు. ఆరు ఓడలవారు బయలుదేరకముందే తలా కొంత సొమ్ము ఒక డబ్బాలో వేసుకొని, మునిగినవానికి ఇవ్వాలన్నారు. అదే భీమా అని చెప్పేవరకు వారికి ఆ పేరు తెలియదు. ఆనాటి వర్తకులు కూడా ఒంటరిగా బ్రతికినవారు కారు. కాకతీయుల కాలపు శాసనాలలో 'నకరము' అనే వర్తకసంఘాల ప్రసక్తి తరచుగా వస్తుంది. స్వదేశీయులు, పరదేశీయులు సంఘాలుగా ఏర్పడి వ్యవహారాలు నడుపుకొన్నారు. కన్నడదేశంలోని అయ్యావళిని మూలస్థానంగా చెప్పుకొన్న అయినూరువురు, అంటే ఐదువందలవారు అనే సంఘం దక్షిణాపథమంతటా వ్యాపించి, కడలి దాటి కూడా వ్యాపారం చేసింది.

భూగోళపటం పట్ల ఆసక్తి లేని పిల్లలకు శ్రీనాథుని హరవిలాసం చెప్పి చూడవచ్చు. ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకొన్నవాడు రాజు కాడు. అవచి తిప్పయసెట్టి అనే సుగంధద్రవ్యాల వర్తకుడు. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు పరిమళద్రవ్యాలు సమకూర్చిన ఇల్లు వారిది. తిప్పయసెట్టి ఏయే దేశాలనుండి ఏయే సరుకులు తెప్పించేవాడో కవి వివరంగా చెప్పాడు. సింహళం నుండి ఏనుగులు, హురుమంజి నుండి గుర్రాలు, చీనా నుండి పట్టుబట్టలు అందులో ఉన్నాయి. హురుమంజి అంటే పారశీక జలసంధి వద్దనున్న హోర్ముజ్. నేటికీ ఆ జలసంధి పేరు వార్తలలో వినిపిస్తే ముడిచమురు ధర గురించి లోకం కలవరపడుతుంది. ఆనాడు గుర్రం, ఈనాడు చమురు. పటంమీద ఈ ఊళ్లను గుర్తించి దారాలతో మోటుపల్లికి కలిపితే, పిల్లలకు సముద్రం ఎల్లగా కాక బాటగా కనిపిస్తుంది. ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ శ్రీకృష్ణదేవరాయలు కూడా రేవులను బాగుచేయాలని, ఓడలు చెడి ఒడ్డుకు చేరిన పరదేశీయులను ఆదరించాలని, దూరదేశపు వర్తకులను గౌరవించి శత్రువులవైపు పోకుండా చూసుకోవాలని వ్రాశాడు. గణపతిదేవుని తరువాత రమారమి మూడువందల యేండ్లకు కూడా రాజులకు ఇదే పాఠం చెప్పవలసివచ్చినదన్నమాట.

అయితే విదేశవ్యాపారమంతా ఇట్లా అభయప్రదానంతోనే సాగిందని చెబితే అది సగం చరిత్రయే అవుతుంది. తక్కిన సగానికి మచిలీపట్నం పోవాలి. అక్కడి అద్దకపు బట్టలు, అందులో పారశీకుల అభిరుచికి తగినట్లు వేసిన పూలు, లతలు, గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో సముద్రాలు దాటాయి. కలంకారీ అనే మాటయే పారశీకం. కలం అంటే లేఖిని, కారీ అంటే పని. శ్రీకాళహస్తిలో నేటికీ కలంతోనే బొమ్మలు వేస్తారు. మచిలీపట్నానికి పొరుగున ఉన్న పెడనలో చెక్కిన టేకు అచ్చులతో అద్దుతారు. బట్టను కరక్కాయ రసంలో నానబెట్టడం, తుప్పుపట్టిన ఇనుమును, బెల్లాన్ని నీళ్లలో పులియబెట్టి నలుపు తీయడం, పటికతో అద్దినచోట ఎరుపు పట్టేటట్లు ఉడికించడం, మధ్యమధ్య పారేనీటిలో ఉతికి ఆరవేయడం - ఇన్ని పనులు. ఎరుపుకు పూర్వం చిరివేరు వాడేవారు. ఉతికినా వెలవని ఆ రంగులు చూసి ఐరోపావారు మోహపడ్డారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం ఏర్పరచుకొన్నది.

ఆ మోహం ఎంతవరకు పోయిందంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతవారికి పనిలేకుండా పోయింది. ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలుబట్టలను నిషేధించింది. లండనులో 1719లో పట్టు నేతవారు ఆగ్రహించి, అద్దకపు బట్టలు కట్టుకొన్న స్త్రీలమీద వీధులలోనే దాడిచేశారు. 1721లో ఇంగ్లండు అటువంటి బట్టలను ధరించడాన్నే చాలవరకు చట్టవిరుద్ధం చేసింది. ఇక్కడ తరగతిని రెండుగా చీల్చి వాదోపవాదం పెట్టాలి. ఒక పక్షం పెడన అద్దకపువారు, మరొక పక్షం లండను నేతవారు. నేను చూసిన వాదాలలో పిల్లలు మొదట మనవారి పక్షాన చేరడానికే పోటీపడ్డారు. బలవంతంగా రెండవ పక్షంలో కూర్చోబెట్టిన పిల్లలు, తమ మగ్గాలు ఆగిపోతే తమ బిడ్డలు ఏమి తినాలని అడగడం మొదలుపెట్టిన తరువాత గాని, తరగతి నిశ్శబ్దం కాలేదు. తరువాతి శతాబ్దంలో ఇంగ్లండు మిల్లుబట్ట మనదేశంలోకి వచ్చిపడి మన మగ్గాలు ఆగినప్పుడు అదే ప్రశ్న మనవారు అడిగారు. కాని మనవారికి నిషేధించే అధికారం లేదు. అప్పటికి వర్తకులుగా వచ్చినవారే పాలకులయినారు. సుంకం ఎవరు నిర్ణయిస్తారన్నది ఎంత పెద్ద ప్రశ్నయో పిల్లలకు ఇంతకంటె బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. మచిలీపట్నానికి సముద్రం కూడా శాంతినివ్వలేదు. 1864 నవంబరులో వచ్చిన తుపానులో సుమారు ముప్పైవేల మంది మరణించారు.

వర్తమానానికి వస్తే గుంటూరు మిరపకాయ చాలు. మిరపబస్తా ఏ పిల్లవానికైనా పరిచితమే. ఆ బస్తా యార్డు దాటి, చైనాకో మరో దేశానికో చేరేలోగా ఏమేమి జరుగుతుందో అడిగితే, ఓడ ఎక్కించి పంపుతారంటారు. ఓడ ఎక్కించడం చివరి పని. కాయ సరిగా ఎండకపోతే బూజు పడుతుంది. ఆ బూజు విషం ఉన్నదేమో, పురుగుమందు అవశేషాలు మితిమీరినాయేమో పరీక్షించనిదే పరదేశం సరుకును రానీయదు. గింజ, రంగు, ఘాటు కొన్నవాని కోరికకు సరిపోవాలి. ఇన్నీ అయిన తరువాత అసలు చిక్కు వస్తుంది. సరుకు ముందు పంపితే సొమ్ము వస్తుందో రాదోనని అమ్మేవాని భయం; సొమ్ము ముందు పంపితే సరుకు వస్తుందో రాదోనని కొనేవాని భయం. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. అందుచేత బ్యాంకు నడుమ నిలుస్తుంది. కొనేవాని బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ అనే పత్రం వ్రాసిస్తుంది. సరుకు ఓడకెక్కినట్లు ఓడవారిచ్చిన రసీదును, తక్కిన కాగితాలను, ఒప్పందంలో ఉన్నవి ఉన్నట్లుగా చూపితే సొమ్ము తాను చెల్లిస్తానని అందులో మాట ఇస్తుంది. దీనిని తరగతిలో ఆడించడానికి రెండు బల్లలు, ఒక కిటికీ చాలు. ఒక పిల్లవాడు బ్యాంకు. కాగితంలో ఒక అక్షరం తప్పున్నా అతడు సొమ్ము ఇవ్వరాదు. అక్షరదోషాలమీద అంతటి శ్రద్ధ నేను తెలుగు తరగతిలో ఏనాడూ సాధించలేకపోయాను.

మారకపు విలువ కూడా ఇక్కడే వచ్చిచేరుతుంది. డాలరుకు ఇన్ని రూపాయలని లెక్కవేసి బేరం కుదుర్చుకొన్న తరువాత, సరుకు చేరేలోగా రూపాయి విలువ తగ్గితే అమ్మినవానికి లాభం, పెరిగితే నష్టం. రోజూ ఒక పిల్లవాడు పత్రికలో చూసి ఆనాటి విలువను గోడమీద వ్రాస్తే, నెలలో తరగతి అంతటికీ అది బోధపడుతుంది.

ఇటువంటి బోధన మనకే తోచినది కాదు. అమెరికాలో జూనియర్ అచీవ్‌మెంట్ అనే సంస్థ 1919లో వెలసి, పిల్లలచేత చిన్నచిన్న వ్యాపారసంఘాలు నడిపిస్తూ ఈ విద్య నేర్పింది. క్రమంగా ఇతర దేశాలకు కూడా విస్తరించింది. మనదేశంలో 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిది తరగతుల పిల్లలు పదిరోజులు పుస్తకాలసంచి లేకుండా వచ్చి, స్థానికంగా ఉన్న వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు మొదలైనవారివద్ద పని తెలుసుకోవాలని సూచించింది. సూచన మంచిదే. ఆ పదిరోజులు విహారయాత్రగా ముగిసిపోతే మాత్రం ప్రయోజనం స్వల్పం. కుమ్మరివద్దకు పోయిన పిల్లలు సారె త్రిప్పి, మట్టి పూసుకొని, నవ్వుకొని తిరిగిరావడమే కాక, మట్టి ఎక్కడినుండి వచ్చింది, కట్టెలకు ఎంత అయింది, కాల్చినప్పుడు నూటికి ఎన్ని కుండలు పగిలాయి, పగిలినవాటి వెల మిగిలిన కుండల ధరలో ఎట్లా చేరింది అని అడిగి వ్రాసుకొనిరావాలి. అయితే ఒక హద్దు ఉన్నది. పిల్లలచేత అమ్మించడం వేరు, అమ్మకాన్ని గురించి నేర్పడం వేరు. పాఠశాల పేరుతో సరుకులు మోయించి, ఇంటింటికీ తిప్పి, ఎక్కువ అమ్మినవానికి బహుమతులిచ్చే పద్ధతి ఈ విద్యకు అపచారం. అట్లా చేస్తే నష్టం వచ్చిన పిల్లవాని ఇంట్లో నిజంగానే పొయ్యి ఆరిపోవచ్చు. ఆట నష్టం ఆటలోనే ఉండిపోవాలి.

ఆ పాఠశాలలో విద్యాసంవత్సరం చివర ఒక రోజు సంత పెట్టారు. తినుబండారాలు, కాగితపు సంచులు, పూలమొక్కలు, పాతపుస్తకాలు అమ్మకానికి వచ్చాయి. ఎవరూ 50 రూపాయలకు మించి పెట్టుబడి పెట్టరాదని ఉపాధ్యాయులు నియమం పెట్టారు. తక్కిన నియమాలు పిల్లలే ఒక అట్టమీద వ్రాసి, దానికి 'మా శాసనం' అని పేరుపెట్టి వేపచెట్టుకు కట్టారు. వానవస్తే వరండాలో ఉన్న అంగడివారు ఆరుబయట ఉన్నవారికి చోటివ్వాలి. క్రిందపడిన సరుకు ఎవరిదో వారికే చేర్చాలి. ముప్పై రూపాయల అమ్మకానికి ఒక రూపాయి తరగతి నిధికి సుంకం కట్టాలి. సుంకం వసూలు పుస్తకం ఇడ్లీబండి అమ్మాయి చేతిలో ఉన్నది. నేను రెండు కాగితపు సంచులు కొని బయలుదేరబోతుంటే ఆమె నన్ను ఆపింది. పరదేశి వర్తకుల పేర్లు వేరే పుటలో వ్రాయాలట. ఏ ఊరినుండి వచ్చానో చెప్పమన్నది. చెప్పాను. పుస్తకం పై వరుసలో అప్పటికే ఒక పేరు ఉన్నది. దాని ఎదుట ఊరిపేరు, వృత్తి వ్రాసే గడిలో 'ఇడ్లీ వ్యాపారం' అని ఉన్నది. మధ్యాహ్నం బండి కట్టేసి వాళ్లమ్మ వచ్చి, రెండు మొక్కలు కొనుక్కొని వెళ్లింది.